మధ్యలో మీరు

ఇంటి నుంచి,
సోమవారం మధ్యాహ్నం

ఏమండీ,

మీరు బస్సెక్కాక ఇంట్లో మాటలు ఆగిపోయాయి. బెంగకొద్దీ అంటున్న మాట కాదు, నిజంగానే ఆగిపోయాయి. మీరున్నప్పుడు అత్తయ్య మీతో "ఆ పిల్లని అడుగు, ఇంకాస్త పెట్టుకుంటుందేమో" అనేవారు. నేను మీ వైపు చూసి తల అడ్డంగా ఊపేదాన్ని. మీరు "చాలంటమ్మా" అనేవారు. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం, అయినా మాట మీ మీదుగానే వెళ్ళేది. పెళ్ళయిన కొత్తలో ఎలా మొదలైందో అలాగే ఉండిపోయింది. ఆవిడకి నా మీద కోపం లేదని తెలుసు. నాకూ ఆవిడంటే భయమే తప్ప మరేం లేదు.

ఇప్పుడు ఆవిడ తన మాటలు కుట్టుమిషనుతో చెబుతున్నారు. "ఈ ఇంట్లో ఉప్పు ఊరికే వస్తున్నట్టుంది" అని నిన్న మిషనుతో అన్నారు. నేను వంటగదిలోంచి పొయ్యితో "రేపు తగ్గిస్తాలే" అన్నాను. మిషనుకి వినిపించే ఉంటుంది, దాని టకటకలు కాస్త నెమ్మదించాయి. బడి యూనిఫాముల పని ఈసారి ఎక్కువగా ఉంది. చొక్కాల కాజాలన్నీ ఆవిడ చేత్తోనే కుడుతున్నారు, నన్ను గుండీలు కూడా కుట్టనివ్వరు.

ఫోన్లో మాట్లాడమంటారు మీరు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, చెప్పాల్సినవన్నీ మరిచిపోతాను. అవతల మీరే ఉన్నా సరే. పైగా ఫోను ఉండేది ముందుగదిలో, మిషను పక్కన. అందుకే మీరు చెప్పినట్టు ఉత్తరమే రాస్తున్నాను. ఆరో తరగతితో ఆగిన చదువు. తప్పులుంటే మీరు నవ్వుకోండి, మీ గదిలోవాళ్ళకి మాత్రం చూపించకండి.

మీరు వెళ్ళింది ఏం పని మీద అని పక్కింటి టీచరుగారు అడిగారు. కంప్యూటర్ల పని అన్నాను. కంప్యూటర్లు ఇక్కడి ఆఫీసులోనూ ఉన్నాయి కదా, అంత దూరం దేనికి అన్నారు. అసలు మీరు చేసే పనేమిటో నాకు అర్థమయ్యేలా రాయండి. మూడు నెలలన్నారు. అవి మామూలు నెలలేనా, మీ ఆఫీసరుగారి నెలలా?

ఇట్లు,
మీ భార్య

*

మెషీన్ల భవనం వెనక వీధి,
మేడ మీది గది

గువ్వా,

నీ ఉత్తరం వారం రోజులు నడిచి వచ్చింది. గదిలో నాతోపాటు భూమిలో తీగలు పరిచే పనివాళ్ళిద్దరు ఉంటున్నారు. నేను చదువుతూ నవ్వుతుంటే "ఏంటి సార్, జీతం పెంచారా?" అన్నారు. చూపించలేదులే.

ఇక్కడ కిటికీ తెరిస్తే భవనం వెనక గోడ, దానికి బిగించిన పెద్ద పెద్ద ఫ్యాన్లు. రాత్రీ పగలూ ఒకటే హోరు. భవనానికి ఒక్క కిటికీ కూడా లేదు. గేటు దగ్గర ఫోను ఇచ్చేసి, వేలిముద్ర కోసం వేళ్ళు అద్దానికి ఆనించి, స్వెట్టరు వేసుకుని లోపలికి వెళ్ళాలి. లోపల మనుషుల కోసం కాదు చలి, మెషీన్ల కోసం.

పని ఏమిటంటావా. మన కంపెనీ మందుల గిడ్డంగులు నీకు తెలుసుగా. సరుకు లెక్కలూ బిల్లులూ మన ఆఫీసులో ఉండవు. ఒక పెద్ద కంపెనీ తన మెషీన్లు అద్దెకిస్తుంది, అన్నీ వాటిలోనే ఉంటాయి. దాన్నే క్లౌడ్ అంటారు. ఆ మెషీన్ల దగ్గరికి వెళ్ళే ద్వారం ఈ భవనంలోనే ఉంది. కాని మన గుమస్తా బిల్లు కోసం ఒక మీట నొక్కితే, ఆ సంగతి ముందు మనకి ఇంటర్‌నెట్ అమ్మే కంపెనీకి వెళ్తుంది. వాళ్ళు ఇంకొకరికి అందిస్తారు, వాళ్ళు మరో మహానగరం దాకా మోసుకెళ్ళి వేరేవాళ్ళకి అప్పగిస్తారు. అలా ఊళ్ళన్నీ తిరిగి చివరికి ఇక్కడికి చేరుతుంది. జవాబుకీ అదే తిరుగుడు. మధ్యలో ఎవరి దారి ఇరుకైనా అందరం ఆగాల్సిందే. గిడ్డంగిలో తెర మీద గుండ్రం తిరుగుతూ ఉంటుంది, బయట లారీ డ్రైవరు హారన్ కొడుతూ ఉంటాడు.

నా పని మన తీగని తిన్నగా ఈ భవనంలోకి తెచ్చి, ఇక్కడే వాళ్ళ నెట్‌వర్కుతో కలపడం. నీ సరుకు నాకివ్వు, నా సరుకు నీకిస్తాను, మధ్యలో ఎవరూ వద్దు అనే ఒప్పందం. పీరింగ్ అంటారు. తీగ కలపడం ఒక పూట పని. అవతలివాళ్ళు మనల్ని గుర్తించి సరేననాలి, ఆలస్యమంతా అక్కడే. మూడు నెలల్లో కాకపోతే బయటివాళ్ళకి అప్పగిస్తానని మా ఆఫీసరు అప్పుడే బెదిరించాడు. అప్పుడు నేను మళ్ళీ గిడ్డంగిలో ప్రింటర్లు తుడుచుకోవాలి.

అమ్మ రోజూ ఫోను చేస్తోంది. నీ వంట బాగుందంది. నూనె నిండుకుందేమో చూడమంది. సామాన్లు కాస్త సర్ది పెట్టుకోమంది, అంతే.

నీ
నేను

*

ఇంటి నుంచి,
గురువారం

ఏమండీ,

నూనె అయిపోయింది, కొన్నాం, అందులోనూ సగం వాడేశాం. అత్తయ్య ఫోన్లో మీతో ఆ మాట అంటున్నప్పుడు నేను వంటగదిలో సీసా వంచి చూస్తూనే ఉన్నాను. అప్పుడే వెళ్ళి తెచ్చాను. నూనె చూడమన్నారన్న మీ ఉత్తరం ఇవాళ వచ్చింది.

మీ పని కొంత అర్థమైంది. మధ్యవాళ్ళు ఊరుకుంటారా అని టీచరుగారు అడుగుతున్నారు.

ఇంకో సంగతి రాయాలి. రాయాలా వద్దా అని కాగితం తీసి మళ్ళీ పెట్టేస్తూ వచ్చాను. అత్తయ్య చూపు గురించి.

నీళ్ళు వంచుతుంటే గ్లాసు పక్కన పడ్డాయి. ఒకసారైతే చెయ్యి జారిందనుకుంటాం, మళ్ళీ మళ్ళీ చూశాను. వంటగది గుమ్మానికి భుజం కొట్టుకుంటున్నారు, ఎప్పుడూ ఎడమ భుజమే. మొన్న కత్తెర కోసం బల్లంతా వెతికారు. అది ఎడమ మోచేతి పక్కనే ఉంది. తల మొత్తం అటు తిప్పాక గాని దొరకలేదు. దొరికాక నా వైపు ఒక చూపు చూశారు, దాచింది నేనే అయినట్టు.

కాని సూదిలో దారం మాత్రం నాకన్నా ముందే ఎక్కిస్తారు. కాజాల్లో ఒక్క కుట్టు పక్కకి పోదు. ఎదురుగా ఉన్నది అంత బాగా కనిపించే మనిషికి పక్కన ఉన్నది కనిపించకపోవడం ఏమిటో నాకు తెలియడం లేదు. ఆవిడకి ఎడమవైపు అనేదే లేనట్టుగా ఉంది.

ఈ మాట నేను చెప్పలేను. మీరు చెప్పండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి. ఎడమవైపు లేనట్టుగా ఉంది అని రాశాను చూడండి, అది అలాగే చెప్పండి.

ఇట్లు,
మీ భార్య

*

మేడ మీది గది

గువ్వా,

అమ్మకి చెప్పాను. కంగారుపడకు. వెంటనే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి చూపించుకుందట. నంబరు ఏమీ మారలేదన్నారట, చివరి వరస అక్షరాలు కూడా చదివిందట. ఫోన్లో నాతో మాట్లాడుతూనే సూదిలో దారం ఎక్కించి "ఇదిగో, ఎక్కింది. నీ కళ్ళు చూపించుకో" అంది. నీకు ఇంట్లో ఏమీ తోచక చిన్నది కూడా పెద్దగా కనిపిస్తోంది. కాస్త టీచరుగారింటికి వెళ్ళి కూర్చుంటూ ఉండు.

ఇక్కడ నాకు అన్నం సయించడం లేదు. అవతలి కంపెనీవాళ్ళతో మాట్లాడడానికి మనిషంటూ దొరకడు, అంతా మెయిల్లోనే. నెట్‌వర్కు అనిపించుకోవాలంటే మీకంటూ సొంత నంబరు ఉండాలన్నారు, తెచ్చాను. కంప్యూటర్ల చిరునామాలు మీ కంపెనీ పేరు మీదే ఉన్నట్టు రుజువు చూపించమన్నారు, చూపించాను. తీరా చూస్తే, ఇంత చిన్నవాళ్ళకి విడిగా తీగ ఇవ్వం, చిన్నాపెద్దా అందరూ కలుసుకునే కూడలి మెషీను, స్విచ్చి అంటారు, ఒకటి ఉంది, అక్కడ కలవండి అన్నారు. సరే, అదే పదివేలు. కాని మన తీగ ఇంకా భవనం దాకా రానేలేదు. రోడ్డు తవ్వడానికి అనుమతి ఇచ్చే ఆయన సెలవులో ఉన్నాడు. గదిలోవాళ్ళు "మేం తవ్వమంటే తవ్వుతాం సార్, జైలుకి మాత్రం మీరే వెళ్ళాలి" అంటున్నారు.

ఆఫీసరు రోజూ ఫోను చేసి ఒకే ప్రశ్న వేస్తాడు. నేను ఒకే జవాబు చెబుతాను.

ముందుగదిలో స్టూలు ఎక్కడ తీసింది అక్కడే పెడుతూ ఉండు. పెద్దావిడ, పాపం.

నీ
నేను

*

ఇంటి నుంచి

ఏమండీ,

స్టూలు నేను ముట్టుకోలేదు. మీరు వెళ్ళినప్పుడు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది.

నిన్న కుట్టిన చొక్కాల మూట ఇచ్చిరావడానికి ఇద్దరం బట్టల దుకాణానికి వెళ్ళాం. ఎప్పటిలాగే ఆవిడ ముందు, నేను వెనక. ఆవిడ రోడ్డు దాటబోతూ అడుగు కిందికి వేశారు. ఎడమవైపు నుంచి సైకిలు వస్తోంది. బెల్లు కొడుతూనే వచ్చింది. నేను మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. సైకిలతను తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆవిడ నా చెయ్యి విడిపించుకుని, సైకిలు ఎటు నుంచి వచ్చిందా అని ఆకాశంలోంచి ఊడిపడ్డదాని కోసం చూసినట్టు చూశారు. ఇంటికొచ్చాక మిషనుతో "ఈ మధ్య జనం రోడ్డు మీద గుడ్డిగా తిరుగుతున్నారు" అన్నారు.

కళ్ళజోళ్ళ షాపులో అక్షరాలు చదివిస్తారు. అక్షరాలు ఎదురుగా ఉంటాయి. ఎడమవైపు సంగతి వాళ్ళని ఎవరైనా అడిగారా? మీరు అత్తయ్యతో ఏమన్నారు? నేను రాసిన మాటే చెప్పారా?

వేళకి తినండి.

మీ భార్య

*

మేడ మీది గది,
ఆదివారం

గువ్వా,

కోపంగా రాశావు. నీకు కోపం వస్తుందని ఇప్పుడే తెలిసింది.

ఉన్నది ఉన్నట్టు ఎలా చెప్పమంటావు? కోడలు నన్ను గుడ్డిదాన్ని చేస్తోంది అనుకోదా? పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అందుకే "కళ్ళజోడు పాతబడిందేమో, ఒకసారి చూపించుకో" అన్నాను. ఆవిడ మాటలు నీకూ యథాతథంగా ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నువ్వు ఆ ఇంట్లో ఒక్క పూట ఉండేదానివి కాదు. మీ ఇద్దరి మధ్యా నలుగుతున్నది నేను. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

ఇక్కడి సంగతి విను. తీగ వచ్చింది, కలిపాం, దీపం వెలిగింది. అవతలి ఇంజనీరు, మొహం ఎరగని మనిషి, "మీరు కనిపిస్తున్నారు" అని ఒక్క ముక్క రాశాడు. గదిలోవాళ్ళకి టీ తాగించాను. మర్నాడు గుమస్తా ఫోను చేసి గుండ్రం తిరుగుతూనే ఉందన్నాడు. వెతికి వెతికి పట్టుకున్నాను. మన వైపు నుంచి వెళ్ళేది కొత్త దారిలో వెళ్తోంది. జవాబు మాత్రం పాత దారిలోనే, ఊళ్ళన్నీ తిరిగి వస్తోంది.

తప్పు నాదే. మా చిరునామాలు ఇవీ, వీటికి రావాలంటే ఈ దారిన రండి అని అవతలివాళ్ళకి మనమే ప్రకటించాలి. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? ఆ వరసలన్నీ రాసి పెట్టుకున్నాను గాని ఆ దారి ఇంకా తెరవలేదు. అందులో ఒక్క అంకె తేడా వస్తే గిడ్డంగులన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. పాతవాళ్ళ మీదుగా అయితే నెమ్మదిగానైనా వస్తోంది కదా అని ధైర్యం చాలక ఆపుతున్నాను. వచ్చే ఆదివారం చేస్తానని ఆఫీసరుకి చెప్పాను. పోయిన ఆదివారం కూడా అదే చెప్పాను.

ఇప్పుడు వదిలి వస్తే అంతా పోతుంది. నువ్వు కాస్త ఓపిక పట్టు. పని అవగానే నేనే వచ్చి అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. అప్పటిదాకా ఆవిడతో ఏమీ అనకు.

నేను

*

ఇంటి నుంచి,
శుక్రవారం

ఏమండీ,

అనవద్దన్నారు. అన్నాను.

మీ ఉత్తరం ఇంకా చేతిలోనే ఉంది. ఆవిడ ముందుగదిలో కాలర్లు ఇస్త్రీ చేస్తున్నారు. పెట్టెని ఎడమవైపు నిలబెట్టి, గుడ్డ సరిచేసి, ఇంకో కాలరు అందుకోవడానికి ఎడమ చెయ్యి చాపారు. చెయ్యి తిన్నగా పెట్టె మీదికే వెళ్తోంది. కళ్ళు గుడ్డ మీదే ఉన్నాయి.

"అత్తయ్యా, చెయ్యి" అన్నాను.

చెయ్యి ఆగిపోయింది. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆవిడ నా వైపు తిరిగి చూసి, ఇస్త్రీపెట్టె కుడివైపు కదా పెట్టాను, నువ్వెందుకు మార్చావు అన్నారు. నేను మార్చలేదు, మీరే అక్కడ పెట్టారు అన్నాను. ఇంత మాట నేనే అంటున్నానా అనిపించింది.

"అన్నీ మారుస్తూనే ఉంటావు. స్టూలు మారుస్తావు, చెంబు మారుస్తావు. కావాలనే చేస్తోందా కనుక్కోరా అని వాణ్ణి ఎన్నిసార్లు అడగమన్నాను. అడగలేదా?"

"సామాన్లు కాస్త సర్ది పెట్టుకోమన్నారని రాశారు."

"కాస్త సర్దడమా? రోజూ దేనికో ఒకదానికి కొట్టుకుంటున్నానని చెప్పాను. ఇదిగో, ఇది చూడు."

భుజం చూపించారు. పాత దెబ్బ పచ్చబడింది, దాని మీద కొత్తది నల్లగా ఉంది. అన్ని దెబ్బలు నాకు తెలియవండి. గుమ్మం దగ్గర నేను చూసినవి కొన్నే. మీకు తెలుసు, ఆవిడ చెప్పారు కాబట్టి. ఎడమవైపు కనిపించడం లేదన్న సంగతి ఆవిడకి తెలియదు, మీకు తెలుసు, నేను రాశాను కాబట్టి. రెండూ మీ దగ్గరే ఉన్నాయి.

నేను అలాగే చెప్పాను. మీకు ఎడమవైపు కనిపించడం లేదు అత్తయ్యా, అలా చెప్పమనే రాశాను, కళ్ళజోడు మాట నేను అనలేదు అన్నాను. ఆవిడ కొట్టేలా చూశారు. సూది తీశారు, దారం ఎక్కించి నా మొహం ముందు పెట్టారు. నేను దాని గురించి ఏమీ అనకుండా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడ్డాను. నా ముక్కు వైపే చూడండి, దారపు రీలు పక్కనుంచి తెస్తాను, కనిపించగానే చెప్పండి అన్నాను. కుడివైపు నుంచి తెచ్చాను. చెవి దాటీ దాటకముందే కనిపించిందన్నారు. ఎడమవైపు నుంచి తెచ్చాను. చెవి దాటింది, కంటి కొస దాటింది. రీలు ఇంచుమించు ఆవిడ ముక్కు దగ్గరికి వచ్చింది.

"ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నారు.

రీలు అక్కడే పట్టుకుని ఉన్నాను. ఆవిడ తల తిప్పారు, చూశారు. లేచి "నా చెప్పులేవి?" అన్నారు.

కంటి ఆసుపత్రిలో గిన్నెలాంటి మెషీనులో మొహం పెట్టించి, చుక్కలు వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ కంటి వంతు వచ్చినప్పుడు చాలాసేపు మీట చప్పుడే వినిపించలేదు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుందట. నొప్పి ఉండదు, అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, నడిమి చూపు చివరిదాకా మిగులుతుంది. అందుకే సూదీ దారం, అక్షరాలూ. పోయిన చూపు రాదు, ఉన్నది చుక్కల మందుతో నిలుపుకోవాలి, ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేది అన్నారు. ఎన్నాళ్ళుగా ఇలా గుమ్మాలకి కొట్టుకుంటున్నారు అని అడిగితే ఇద్దరం ఒకేసారి జవాబు చెప్పాం.

తిరిగి వస్తూ దారిలో ఒక్కొక్కటే బయటపడ్డాయి. "నా వంట మీకు నచ్చిందని ఆయన రాశారు" అన్నాను. "నేనా? ఉప్పు తగ్గించమని మొత్తుకున్నాను." కుట్టుపని నేర్చుకోవాలని నీకు ఆశగా ఉందన్నాడే అన్నారు. నేను ఎప్పుడూ అనలేదు. "మరి నేర్చుకోనక్కర్లేదా?" అన్నారు. అక్కర్లేదని కూడా అనలేదన్నాను. ఆవిడ నవ్వారు. "వాడు అక్కడ చేస్తున్నది ఇదే పని అన్నావు కదా, మధ్యవాళ్ళని తీసేయడం. ఇంటిని మాత్రం తనకోసం అట్టే పెట్టుకున్నాడు" అన్నారు.

మీ మీద నాకు కోపంగా ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

మీ భార్య

*

మేడ మీది గది

గువ్వా,

ఫోను చేశాను, నీకు తెలుసు. అమ్మ "నాకేం, బాగానే ఉన్నాను, నీ పని చూసుకో" అంది. ఆవిడ బాగానే ఉన్నానన్న మాటనే ఇన్నాళ్ళూ నమ్మాను. అందుకే నిన్ను పిలవమన్నాను. నువ్వు ఫోను దగ్గరికి వచ్చి "రాస్తాను" అన్నావు. ఆ ఒక్క మాటకే నా చెమటలు ఆరాయి.

ఆదివారం ఆ దారి తెరిచాను. భయం పోయి కాదు. ఆగి చేసే మేలేమీ లేదని తెలిసింది గనక. అంకెలు ఒకటికి నాలుగుసార్లు చూసుకుని నొక్కాను. కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో నేను మనసులో గిడ్డంగి ప్రింటర్లు కూడా తుడిచేశాను. తర్వాత జవాబులు కొత్త దారిలో రావడం మొదలైంది. సోమవారం గుమస్తా ఫోను చేసి, ఇదివరకు గుండ్రం తిరిగేలోపు టీ తాగేవాళ్ళం, మీ పుణ్యమా అని ఇప్పుడు టీకి టైము లేదు అన్నాడు. పాతవాళ్ళని పూర్తిగా తీసేయలేదు, ఇది తెగితే అటు నుంచి వచ్చేలా ఉంచాను.

ఇలాంటిదే రెండోది ఇంకో భవనంలో పెట్టమంటున్నాడు ఆఫీసరు. అంటే ఇంకో రెండు నెలలు. నేను ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు.

నువ్వు రాసినట్టు ఆ రెండు సంగతులూ నా దగ్గరే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడలేదు. ఎవరికీ నొప్పి కలగకుండా అందిద్దామనే చూశాను.

ఎంత పోయింది? తగ్గించకుండా రాయి. రమ్మంటే వెంటనే బయల్దేరతాను, ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం.

నేను

*

ఇంటి నుంచి,
మంగళవారం పొద్దున

ఏమండీ,

తగ్గించకుండా రాస్తున్నాను. ఎడమ కంట్లో సగానికి పైగా పోయింది. కుడి కంట్లో ముక్కువైపు, అంటే ఎడమ పక్కే, పోయింది. రెండూ కలిస్తే ఎడమ పక్కన ఉన్నదేదీ తల తిప్పితే తప్ప ఆవిడకి లేదు. అది ఇక రాదు. మీరు కళ్ళజోడు అన్న రోజుకీ మేం ఆసుపత్రికి వెళ్ళిన రోజుకీ మధ్య ఎంత పోయిందని డాక్టరమ్మని అడిగాను. అది ఎవరూ చెప్పలేరన్నారు. కొంచెమే కావచ్చు, ఏమీ పోయి ఉండకపోవచ్చు. తెలియదు. మీరు అంతా మీ మీదే వేసుకోకండి, అసలేమీ లేదనీ అనుకోకండి.

వచ్చే నెల మళ్ళీ ఒత్తిడి చూస్తారు. తగ్గితే చుక్కలు చాలు. తగ్గకపోతే ఆపరేషను. చుక్కలు నేనే వేస్తున్నాను. ప్రతిసారీ "కళ్ళు పొడిచేస్తావా ఏంటి?" అంటారు, కళ్ళు మాత్రం కదపరు.

బయటికి వెళ్ళేటప్పుడు నేను ఎడమవైపు నడుస్తున్నాను. చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. "ముసలిదాన్ని చెయ్యకు. అటు ఏముందో చెబుతూ ఉండు, చాలు" అన్నారు. గుంట, సైకిలు, కుక్క, మెట్టు అని చెబుతూ నడుస్తాను. నిన్న రోడ్డు ఖాళీగా ఉంటే ఊరుకున్నాను. ఆవిడ కాస్త నడిచి టక్కున ఆగిపోయారు. "ఏమీ లేనప్పుడు ఏమీ లేదని చెప్పు. నువ్వు మాట్లాడకపోతే నాకు భయంగా ఉంటుంది" అన్నారు. అప్పటినుంచి ఏమీ లేదు, ఏమీ లేదు అని చెబుతూ నడుస్తున్నాను. ఎదురుపడ్డవాళ్ళు నా వైపు వింతగా చూస్తున్నారు. పుట్టినప్పటినుంచీ నేను ఇంత మాట్లాడలేదు.

కాజాలు మానమని చెప్పాను. వినలేదు. దుకాణంలో సంగతి చెప్పేస్తే పని ఇవ్వరని ఆవిడ బెంగ. చెప్పకపోతే గుడ్డ కత్తిరించేటప్పుడు ఎడమ చెయ్యి తెగుతుందని నా బెంగ. కత్తిరించడం నేను నేర్చుకుంటున్నాను, మొదటి చొక్కా ఒక భుజం పైకీ ఒక భుజం కిందికీ వచ్చింది. ఇది ఎవరికి పడుతుందే అని అడిగారు. మీ అబ్బాయికి అన్నాను.

మీరు రావాలా వద్దా అని ఇద్దరం పోట్లాడుకున్నాం. రావద్దు, వాడొచ్చి చేసేదేముంది, రెండోది కూడా పూర్తి చేసుకుని రమ్మను అని ఆవిడ రాయమన్నారు. రండి అని నేను రాస్తున్నాను. ఆసుపత్రిలో ఆ గిన్నె మెషీనులో ఆవిడ మొహం పెట్టినప్పుడు నా పక్కన ఎవరైనా ఉంటే బాగుండుననిపిస్తోంది. రెండు మాటలూ రాశాను. ఎటో ఒకవైపు మీరే తేల్చుకోండి.

ఇదంతా ఆవిడకి చదివి వినిపిస్తూ రాస్తున్నాను. ఒత్తిడి తగ్గుతుందని రాయి అన్నారు. తగ్గుతుందో లేదో మనకి తెలియదు కదా అన్నాను. పోనీ నేను ధైర్యంగా ఉన్నానని రాయి, అది తెలుసుగా అన్నారు. పగలు ధైర్యంగానే ఉంటున్నారండి. మొన్న స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చారు. అది కూడా రాస్తున్నానని చెప్పాను.

మిషను ఆగింది. నేను కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నాను.

"సరే, రాయి" అన్నారు.

మీ భార్య